మూడో ఫ్లోరు వైరు

గట్ల ఎట్ల నిలబెడ్తరు సార్ మనిషిని, అరవై మంది ముందల? ముందుగాల ఒక్క మాటన్న చెప్పొద్దా నాకు? మీ కంప్యూటర్ కోచింగుల డెమో క్లాసన్నరు. గంటసేపు పాఠం చెప్పు, వైరు కొసకు కనెక్టర్ ఎట్ల కొట్టాల్నో పోరలకు చూపియ్యి, గంతే అన్నరు. నేను గంతకే తయారై వచ్చిన. మూడు రోజుల సంది ఇంట్ల అద్దం ముందల నిలబడి పాఠం చెప్పుకుంటున్న. మా అమ్మ నాకేదో గాలి సోకిందనుకున్నది.

మీరేం చేసిండ్రు? నేను బోర్డు కాడికి పోకముందే నా భుజం మీద చెయ్యేసిండ్రు. 'ప్రతి బ్యాచ్‌కీ చెప్తుంటాను కదా, దవాఖానా బాలరాజ్ అని, ఆయనే ఈయన' అన్నరు. 'ఆ రోజు ఏం జరిగిందో ఆయన నోటితోనే వినండి' అన్నరు.

ఇగ నేనేం చెయ్యాలె? చెప్పిన. మీరు చెప్పే తీరుగనే చెప్పిన. మీ పేరే పెట్టి, శ్రీపాద సార్ అంతటాయన సర్వర్ రూంల చేతిల వైరు పట్టుకోని వణుక్కుంట నిలబడ్డడు, నేను మూడో ఫ్లోరుకు ఉరికి మూడు నిమిషాలల్ల దవాఖాన మొత్తం మళ్ల నడిపించిన అని. చప్పట్లు కొట్టిండ్రు. మీరు గూడ కొట్టిండ్రు సార్. అందరికంటె గట్టిగ మీరే కొట్టిండ్రు.

దాని తర్వాత నా పాఠం ఎవడిన్నడు? నా కుడిచెయ్యేమో గిక్కడిదాంకనే లేస్తది, భుజం దాంక. బోర్డు కింద సగంలనే రాసిన. ఎన్క బెంచీలోళ్లు లేసి నిలబడి చూసిండ్రు. ఒకడు కిసుక్కున నవ్విండు. మీరు వానికి వద్దన్నట్టు తలకాయ ఊపిండ్రు. నేను చూడలేదనుకున్నరా? అన్ని చూసిన.

వద్దు సార్, చాయ్ వద్దు. లోపలికి పోదు నాకు. మీరు కూసోండ్రి. జర తలుపు దగ్గరికేస్త.

గీ చెయ్యి ఎందుకు లేస్తలేదని అడగలేదు మీరు. అడిగితె నేను బాధపడ్తననుకున్నరేమో. పన్నెండేండ్లు తల మీదికి చేతులు లేపి సీలింగులల్ల వైర్లు గుంజితె భుజమేమైతది? పట్టేసింది. డాక్టర్ చూసి, ఇగ నిచ్చెన సంగతి మర్చిపో అన్నడు. సరిగ్గ అదే నెల మా దవాఖానను ఎవరో పెద్దోళ్లు కొన్నరు. కంప్యూటర్లన్ని యాడ్నో బెంగుళూర్ల కూసొని చూసుకుంటరంట. ఉన్నోళ్లందరిని పిలిచి సర్టిఫికెట్లు చూపియ్యమన్నరు. నా కాడ యాడుందది? చెయ్యి చూపియ్యాల్నా? గది గూడ లేస్తలేదాయె.

ఐదు నెలలు తిరిగిన సార్. అబిడ్స్ తిరిగిన, అమీర్‌పేట తిరిగిన. ఇరవై రెండేండ్ల పోరలు బండేసుకోని తయారుగున్నరు, నన్నెవడు తీసుకుంటడు? గప్పుడొచ్చింది మీ ఫోను. ప్రాక్టికల్ చెప్పనీకి నీకంటె మంచి మనిషి నాకు దొరకడు, వచ్చి చేరు అన్నరు. ఫోన్ పెట్టేసినంక మా అమ్మ సుశీలమ్మ దేవుని ముందల దీపం పెట్టింది. నేను బాత్రూంలకు పోయి నల్లా ఇప్పి కూసున్న.

మీరు నా కథ చెప్తున్నరని నాకెట్ల తెలిసిందనుకుంటున్నరు? మూడేండ్ల కింద మీ స్టూడెంటొకడు మా దవాఖానల చేరిండు, సాయికుమార్ అని. మొదటిరోజే నా పేరిని, 'అన్నా, ఆ బాలరాజ్ అన్న మీరేనా' అని నా రెండు చేతులు పట్టుకున్నడు. ఏ బాలరాజ్ రా అన్న. గప్పుడు మొత్తం చెప్పిండు. 'సార్ ప్రతి బ్యాచ్‌ల చెప్తడన్నా. పుస్తకం చదువు వేరు, చేతి చదువు వేరు, నా చెయ్యి వణికింది, ఆయన చెయ్యి వణకలే అంటడు. గది చెప్పేటప్పుడు సార్ కండ్లద్దాలు తీసి తుడుచుకుంటడన్నా' అన్నడు.

వారం దినాలు నాకు అన్నం సయించలే.

ఒకటడుగుత, చెప్పుండ్రి. మీరు నన్ను మొట్టమొదట ఎప్పుడు చూసిండ్రు?

దవాఖానల అంటున్నరు. చూసిండ్రా! ఇప్పటికి గూడ గదే అంటున్నరు.

కాదు సార్. రెండువేల పన్నెండు. గిదే బిల్డింగు, గిదే మెట్లు. గప్పుడు కింద చెప్పుల షాపు లేకుండె, ఓ ముసలి టైలర్ ఉంటుండె. పొద్దుగాల ఆరున్నర బ్యాచ్. ఆఖరి లైన్ల, కిటికీ పక్కపొంటి. గక్కడ కూసునేటోన్ని నేను. ఉప్పుగూడల మాకు పదకొండు బర్రెలుండె. నాలుగింటికి లేసి పాలు పిండి, ఇరవై ఇండ్లకు పోసి, అదే అంగీ మీద సైకిల్ తొక్కుకుంట వస్తుంటి. మార్చుకోనీకి టైం యాడిది? ఐదు నిమిషాలు లేటైతె మీరు తలుపేసుకుంటుంటిరి.

నేను లోపల కాలు పెట్టంగనే మీరేమంటుంటిరి? యాదికి తెచ్చుకోండ్రి. 'వచ్చాడండీ గోపాలుడు, కిటికీలు తెరవండి.' దినాం అదే మాట. ఒక్కరోజు తప్పలే. అందరు నవ్వుతుండె. నేను గూడ నవ్వుతుంటి సార్. నవ్వకుంటె ఏడుస్తున్ననుకుంటరు గదా.

ల్యాబుల రౌటర్లు రెండే. ఇరవై మందిమి. నా వంతొస్తె, 'నువ్వు చేతులు కట్టుకుని చూడు నాయనా, నీ చేతులకు వేరే పని అలవాటు' అంటుంటిరి. ఆర్నెల్లు చేతులు కట్టుకోని చూసిన. ఒక్కసారి గూడ ముట్టనియ్యలే. ఇగ సర్టిఫికెట్ పరీక్షల కూసున్న. ఆ ఇంగ్లిష్ ప్రశ్నలు, ఆ గడియారం, చెమటలు. తప్పిన. మీరు క్లాసుల నా మార్కులు చదివిండ్రు. రెండుసార్లు చదివిండ్రు, మొదటిసారి ఎవరికన్న వినపడలేదేమోనని.

గదంత పోనియ్యుండ్రి. గది గాదు నన్ను కోసింది.

ఆఖరిరోజు అందర్ని నిలబెట్టి అడిగిండ్రు, ఇగ ఏం చేద్దామనుకుంటున్నరని. ఒకడు డేటా సెంటర్ అన్నడు, ఒకడు దుబాయ్ అన్నడు. నా వంతొచ్చింది. నేను లేసి, 'మీ లెక్క పాఠం చెప్త సార్' అన్న.

నిజంగనే అన్న. మీరు బోర్డు మీద బొమ్మ గీసి, ఒక డబ్బ ఇంకో డబ్బను ఎట్ల పలకరిస్తదో, అది ఎట్ల జవాబిస్తదో చెప్తుంటె నాకు ఒళ్లు జలదరిస్తుండె. ఇంట్ల బర్రెలకు గడ్డేస్తు గూడ అదే పాఠం వాటికి చెప్తుంటి. మీరు ఎన్ని మాటలన్నా నేను పొద్దుగాల ఉరికొచ్చింది దానికోసమే సార్.

క్లాసంత గొల్లుమన్నది. మీరు నవ్వలే. నవ్వినా బాగుండు. కండ్లద్దాలు తుడుచుకుంట, శాంతంగ, నాకు మేలు చేస్తున్నట్టు చెప్పిండ్రు. 'చెప్పడానికి నాలుక తిరగాలి నాయనా. నీకు తిరగదు. నీలాంటివాళ్ళ కోసం ఊరంతా నిచ్చెనలున్నాయి. పోయి ఎక్కు.'

పోయి ఎక్కిన సార్. పన్నెండేండ్లు దిగలే.

యాదికొస్తలేదు గదా? ఎట్లొస్తది? అది మీకు చాయ్ తాగేముందు నోట్లెకెళ్లొచ్చిన ఒక మాట. నేను దాని మీద బతికిన.

గప్పుడే బహదూర్‌పురాల ఆ దవాఖాన కడుతుండిరి. వైర్లు గుంజే కాంట్రాక్టర్ కాడ చేరిన. సీలింగుల బోర్ల పడుకోని, ఎలుకల పెంట మీద పాక్కుంట గుంజిన. పని అయిపోయినంక దవాఖానోళ్లే నన్ను ఉంచుకున్నరు. ఎందుకంటె ఏ గోడ ఎన్కకెళ్లి ఏ వైరు పోతదో నా ఒక్కనికే తెలుసు. గోవర్ధన్ సార్ ఉంటుండె గదా, ఐటీ మేనేజర్, ఆయన ఎన్నిసార్లన్నడో, బాలరాజ్, ఇవన్ని కాగితం మీద రాసియ్యి అని. ఇయ్యాల రేపనుకుంట తప్పించుకున్న. రాసిస్తె ఇగ నేనెందుకు వాళ్లకు? సర్టిఫికెట్ లేనోని సర్టిఫికెట్ గదే సార్. నా తలకాయల ఉన్న ఆ వైర్ల నక్ష.

ఆరేండ్లు గట్లనే నడిచింది. ఒకరోజు గోవర్ధన్ సార్ పిలిచి, సీనియర్ ఇంజినీర్ వస్తుండు, ఇగ నువ్వు ఆయన చెప్పినట్టు చెయ్యాలె అన్నడు. తలుపు తీసుకోని మీరొచ్చిండ్రు. ఇస్త్రీ అంగి, మెడల కొత్త కార్డు. లేసి నిలబడి నమస్తే సార్ అన్న.

మీరు నా ముఖం దిక్కు సూటిగ చూసి, 'నమస్తే, మీ పేరు?' అన్నరు.

మర్యాదగనే అన్నరు. మీరు అని పిలిచిండ్రు నన్ను. గా ఒక్క మాటతోని, నేను ఆరేండ్లు మోసిన కోపానికి అడ్రస్ లేకుండ పోయింది. మిమ్మల్ని ఏమన్న అనాలంటె, ముందుగాల నేనెవన్నో మీకే చెప్పుకోవాలె. నా నోటితోని నేనే, గోపాలున్ని సార్, అనాలె. అంటనా?

మీరు చెత్తగ పని చేసినా నాకింత కష్టం కాకపోవు. మీరు మంచిగ పని చేసిండ్రు సార్! గదే నన్ను సంపింది. మందుల కౌంటర్ల కంప్యూటర్లు దినాం రెండుసార్లు ఆగుతుండె, యాదున్నదా? రెండేండ్ల సంది నేను వాటిని బంద్ చేసి మళ్ల చాలు చేసుడే. మీరు ఒక్క పూట ల్యాప్‌టాప్ పెట్టుకోని కూసున్నరు. 'ఎవరో ఇంటి నుంచి చిన్న వైఫై డబ్బా తెచ్చి పెట్టుకున్నారు. కాలనీలో ఇళ్ళకు నంబర్లు ఇద్దరు పంచుతున్నారు బాలరాజ్, అందుకే ఉత్తరాలు తప్పిపోతున్నాయి' అన్నరు. పోయి చూస్తె ఫార్మసిస్ట్ టేబుల్ కింద ఉండనే ఉన్నది. గోవర్ధన్ సార్ మీ భుజం తట్టిండు. నా దిక్కు చూసి, రెండేండ్లు ఏం చేసినవ్ రా అన్నడు.

టెర్రస్ మీద అన్నం తింటుంటిమి మనిద్దరం. మీరు మీ టిఫిన్ ఇప్పి పులిహోర సగం నా గిన్నెల పెడుతుంటిరి. మా ఇంట్లోవాళ్ళు గుడి ప్రసాదంలాగే చేస్తారు, తినవయ్యా అంటుంటిరి. తిన్న సార్. మస్తుగుంటుండె.

ఓ మధ్యాహ్నం మీరు చెప్పిండ్రు. 'పదహారేళ్ళు ఇతరులు చేసే పని గురించి నోటితో చెప్పాను బాలరాజ్. నేను నేర్పిన పిల్లలు కనపడితే, ఇంకా చెప్తూనే ఉన్నారా సార్ అంటారు. నిజం నెట్‌వర్క్ మీద ఒక్కసారైనా చెయ్యి పెట్టకుండా పోతానేమో అనుకున్నాను. ఈ ఇరవై రోజులు నేను ఉన్నంత సంతోషంగా ఎప్పుడూ లేను.' మీ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నేను పులిహోరల పల్లీలు ఏరుకుంటున్న.

దాని ఎన్కనే అన్నరు. 'సోమవారం నుంచి మనిద్దరం కూచుని ప్రతి వైరుకూ పేరు రాసి అతికిద్దాం. నీ తలలో ఉన్నదంతా కాగితం మీద పెట్టేద్దాం. నీకూ బరువు తగ్గుతుంది.'

నాకు బరువు తగ్గుతదంట!

సోమారం పొద్దుగాల పదిన్నర. ఓపీ నిండిపోయి మెట్ల మీద గూడ మనుషులు. మూడో ఫ్లోరుల నర్సుల టేబుల్ కింద ఓ పాత చిన్న స్విచ్ ఉంటుండె, నాలుగైదు కంప్యూటర్లను కలిపే సస్తా డబ్బ. నేను గజం పొడుగు వైరొకటి తీసుకున్న. ఒక కొస ఒక రంధ్రంల పెట్టిన. ఇంకో కొస అదే డబ్బ ఇంకో రంధ్రంల పెట్టిన. లేసి చేతులు దులుపుకోని మెట్లు దిగిన.

అవ్ సార్. నేనే.

లేవకుండ్రి. కూసోండ్రి. మొత్తం వినుండ్రి, ఇంత దూరం వచ్చినంక సగంల ఆపలేను నేను.

పోయిన మాట తిరిగి అదే డబ్బలకొచ్చె, ఒకటి రెండాయె, రెండు నాలుగాయె. రెండు నిమిషాలల్ల దవాఖానంత మూగపోయింది. బిల్లింగ్ బంద్. మందులు బంద్. రక్తం రిపోర్టులు బంద్. కింద ఒక్కటే లొల్లి. డిశ్చార్జి కౌంటర్ కాడ ఓ ముసలాయన సంచి పట్టుకోని నిలబడ్డడు. లైన్ల జాగ పోతదని కదల్లే. ఆఖరికి పంచెల్నే పోసుకున్నడు. ఆయన కొడుకు అందరు చూస్తుండంగ ఆయన్ని పట్టి గుంజి తిట్టిండు. నేను పిల్లర్ పక్కకెళ్లి చూసిన సార్. చూసి గూడ మీదికి పోయి ఆ వైరు పీకలే.

సర్వర్ రూంలకు వచ్చిన. మీరప్పటికే ఉన్నరు. స్విచ్‌ల లైట్లన్ని ఒక్కతీరుగ టకటక కొట్టుకుంటున్నయి. మీరు ఒక్కటే చూపు చూసిండ్రు. 'ఇది లూప్. ఎక్కడో ఒకే స్విచ్‌లో రెండు కొసలూ పెట్టారు' అన్నరు. ఒక్క నిమిషం పట్టలే మీకు! ఇగ దొరికిననుకున్న.

'ఒక్కో ఫ్లోరు వైరు పీకి చూద్దాం. ఏది పీకితే లైట్లు నెమ్మదిస్తాయో అక్కడుంది' అన్నరు. గదే సార్ సరైన పద్ధతి. ఇంకోటి లేదు. గాని వైర్ల మీద పేర్లు లేకపాయె. 'ఏది ఎక్కడిది బాలరాజ్?' అని అడిగిండ్రు. గీ కొసల కాడ వైర్లు మస్తుసార్లు మారినయి సార్, అన్ని గుర్తులేవు, చూడాలె అన్న. మీరు ఎక్కువసేపు ఆలోచించలే. చెయ్యి చాపి ఒక నీలిరంగు వైరు పట్టుకున్నరు.

నేను అరిసిన. 'సార్, అది ఐసీయూది! ముట్టకుండ్రి! ఆరుగురు మిషన్ల మీదున్నరు!'

గప్పుడు ఆగింది మీ చెయ్యి.

గప్పుడు వణికింది. పట్టుకున్నది విడువలేరు, పీకలేరు. గోవర్ధన్ సార్ వచ్చిండు, ఆయన ఎన్క ఇద్దరు డాక్టర్లు. 'పీకుతవా పీకవా, ఏదో ఒకటి చెయ్యవయ్యా' అని ఒర్లుతున్నడు. మీరు, 'ఐసీయూ... పేషెంట్లు...' అంటున్నరు. 'పిల్లలకు పాఠాలు చెప్పుకునేటోన్ని తెచ్చి దవాఖానల పెట్టిన చూడు, నన్ననాలె' అన్నడు. డాక్టరమ్మ ఒకామె నవ్వింది. నలభై నిమిషాలు సార్. నేను గోడకానుకోని, చేతులు కట్టుకోని చూసిన. చూసుడు నాకు మీరు నేర్పిందే గదా.

నలభై నిమిషాలైనంక నిచ్చెన భుజానేసుకోని, 'సార్, నేను పోయి ఒక్కో ఫ్లోరు చూసొస్త' అన్న. నిచ్చెన ఎందుకు? టేబుల్ కింద వంగితె అందే వైరుకు నిచ్చెనెందుకు సార్? నలుగురు చూడాలె గదా. మూడు నిమిషాలల్ల దిగొచ్చిన. అన్ని నడుస్తున్నయి.

సాయంత్రం మీరు ఇగ రానని చెప్పి పోతుంటె, మీ సంచి నేనే ఆటో దాంక మోసిన. యాదున్నదా? మీరు నా రెండు చేతులు పట్టుకోని, 'నువ్వు లేకపోతే ఏమయ్యేదో. నేను దీనికి పనికిరాను బాలరాజ్. చెప్పుకోవడమే నా బతుకు' అన్నరు. జాగర్తగ పోండ్రి సార్ అన్న.

ఒక ముచ్చట చెప్పాల్నా? సాయికుమార్ అంటుండె, మీరు మస్తు మంచోళ్లంట. ఎవ్వర్ని ఒక్క మాటనరంట. ల్యాబుల ఎన్క కూసున్నోన్నే మొదలు పిలిచి, ముట్టుకో, పాడైతే నేను చూసుకుంటా అంటరంట. గా పోరడు ఇది చెప్తుంటె నాకు ఒళ్లు మండింది సార్. మిమ్మల్ని గంత మంచోన్ని చేసిందెవరు? నేను. ఆ నలభై నిమిషాలు. అందరికి పనికొచ్చింది గది. నాకు తప్ప.

ఇగ ఆఖరు మాట. దీనికోసమే తలుపేసిన.

ఆ నీలివైరు ఐసీయూది గాదు సార్.

మూడో ఫ్లోరుది.

మీరు మొదటిసారి చెయ్యి పెట్టిందే సరిగ్గ పెట్టిండ్రు. ఎట్ల పట్టిండ్రో నాకు తెల్వది. లైటు చూసి పట్టిండ్రో, దేవుడు పట్టించిండో. జర గుంజితె అయిపోతుండె. ఒక్క సెకను. గోవర్ధన్ సార్ వచ్చేలోపల్నే అయిపోతుండె. మీ చెయ్యి వణకలే సార్. చానా గట్టిగుండె. నేను అరిసేదాంక గట్టిగనే ఉండె.

ఏడేండ్ల సంది, ఒక్కో బ్యాచ్‌కు, మీ నోటితోని మీరే, నా చెయ్యి పనికిరాదు, నా చెయ్యి పనికిరాదు అని చెప్పుకుంటున్నరు. అరవై మంది, అరవై మంది, అరవై మంది. నేనొక్కసారి అబద్ధం చెప్పిన. మిగిలినవన్ని మీరే చెప్పిండ్రు.

ఏంది? జర గట్టిగ చెప్పుండ్రి, వినపడ్తలేదు.

...ఏ కంపెనీ స్విచ్ అంటరా?

గిదా సార్ మీరడిగేది? గింత చెప్పినంక, కండ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టి, గిదా? లూప్‌ను పెద్ద స్విచ్ ఎందుకు ఆపలేదంటరా? ఇసొంటివాటిని ఆపే తెలివి పెద్దవాటికి ఉంటది, సస్తా డబ్బలకుండదు, వాటి కిందికెళ్లి లూప్ పడితె కొన్నిసార్లు పెద్దది గూడ పట్టుకోలేదు. గా బోర్డు మీద బొమ్మ గీసి మీరే చెప్పిండ్రు, రెండువేల పన్నెండుల. మీ పాఠాలన్నిట్ల నాకు పూర్తిగ అర్థమైంది గదొక్కటే సార్.

తిట్టుండ్రి సార్. ఒక్క మాట. ఇదివరకు తిట్టినట్టు తిట్టుండ్రి, నాకు అలవాటే. గట్ల చూడకుండ్రి. మీ చేతుల దిక్కు మీరే చూసుకుంటున్నరేంది? చేతులు మంచిగనే ఉన్నయి. గాని ఇప్పుడు తెలిసి ఏం ఫాయిద? యాభైకి రెండు తక్కువ మీకు. ఇప్పుడు యాడికన్న పోయి, ఆ రోజు నేను కరెక్టే అంటె ఎవడింటడు? గోవర్ధన్ సార్ లేడు, దవాఖాన పేరే మారిపోయింది. గక్కడ మీరున్నా, నాతోని పాటు మిమ్మల్ని గూడ తీసేసేటోళ్లే. ఏం పోయిందని మీకు? ఇల్లుంది, బోర్డుంది, సార్ అనేటోళ్లున్నరు.

మాఫీ అడగనీకి రాలే నేను. అడగ. మీరు గూడ నన్నడగకుండ్రి.

నాలుగింటి బ్యాచోళ్లు మెట్లెక్కుతున్నరు, వింటున్నరా? వాళ్లకేం చెప్తరు? అసలుది చెప్తరా? చెప్పలేరు సార్. చెప్తె, ఒక్క అరుపుకు మోసపోయినోడు మాకేం నేర్పుతడని ఆ పోరలే అంటరు. నన్ను నిలబెట్టి నిలదీస్తె గదే సిగ్గు మీకు గూడ. అందుకే పాతదే చెప్పుండ్రి. మంచిగుంది గది. పోరలకు నచ్చింది.

కండ్లద్దాలు పెట్టుకోండ్రి. ముఖం కడుక్కొస్తరా? పోయి రాండ్రి, నేను వాళ్లను కూసోబెడ్త.

ఎన్నిసార్లు పిలిస్తె గన్నిసార్లొచ్చి మీ పక్కపొంటి నిలబడ్త. మీ చెయ్యి ఎట్ల వణికిందో నేనే పట్టి చూపిస్త వాళ్లకు, కావాల్నంటె. ఏం చేస్తం సార్, నాకు నౌకరి గావాలె.